పిల్లల సంస్కృత పేరుకు అర్థం, మూలం ఎలా తేల్చుకోవాలి: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాల కోసం

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది: "బారసాల దగ్గర పడింది. పేరు అనుకున్నాం. అర్థం మాత్రం ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంది. ఏది నమ్మాలి?"

అడిగేవాళ్లు పేరును దాదాపు ఎప్పుడూ ఇంగ్లీష్ అక్షరాల్లోనే పంపుతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. సంస్కృతంలో ఒక దీర్ఘం పోయినా, శ కాస్తా స అయినా, వ కాస్తా బ అయినా అది వేరే మాట అయిపోవచ్చు. మన ప్రాంతంలో ఒకే పేరు తెలుగు నోట ఒకలా, ఒడియా నోట ఒకలా, ఆఫీసు కాగితం మీద ఇంకొకలా ఉంటుంది. కాబట్టి ముందు అక్షరాలు తేల్చుకోండి, అర్థం తర్వాత వెతకండి. ఈ వరుస తప్పితే ఎన్ని సైట్లు చూసినా టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఏమేం కావాలి

ఒక కాగితం, కలం. తెలుగు కీబోర్డు, దాంతో పాటు హిందీ లేదా సంస్కృతం కీబోర్డు ఉన్న ఫోను. ఒడియా చక్కగా చదవగలిగిన మనిషి ఒకరు. పక్కింటివారైనా సరే, బడికెళ్లే పిల్లలైనా సరే.

నిఘంటువులు రెండు రకాలు దగ్గర పెట్టుకోండి. తెలుగులో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం చాలు. ఆంధ్రభారతి సైట్‌లో తెలుగు నిఘంటువులను ఒకేచోట వెతుక్కోవచ్చు. సంస్కృతానికి ఆప్టే, మోనియర్ విలియమ్స్ నిఘంటువులు ఉన్నాయి. ఇవి జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయం వారి సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అర్థాలు ఇంగ్లీష్‌లో ఉంటాయి, చదవడం కష్టమేమీ కాదు. పేరు ఒడియా వాడుక నుంచి వచ్చిందనిపిస్తే గోపాల చంద్ర ప్రహరాజ్ కూర్చిన ఏడు సంపుటాల పూర్ణచంద్ర ఒడియా భాషాకోశం చూడాలి. అది ఇంట్లో ఉండదు కానీ లైబ్రరీలో అడగొచ్చు.

పిల్లల పేర్ల సైట్లను ఈ జాబితాలో కావాలనే చేర్చలేదు. పేర్లు ఏరుకోవడానికి అవి పనికొస్తాయి. అర్థం తేల్చడానికి మాత్రం వాటిని సాక్ష్యంగా తీసుకోకండి.

1. పేరును తెలుగు లిపిలో రాయండి

ఇంగ్లీష్ స్పెల్లింగును పక్కన పెట్టండి. ఆ పేరు మీకు ఎవరు చెప్పారో వాళ్లను అడిగి, నోటితో పలికించుకుని, తెలుగులో రాయండి. సందేహం ఉంటే ఒకటి కాకుండా అవకాశమున్నవన్నీ రాయండి.

మన దగ్గర బాగా వినిపించే ఒక పేరే చూడండి. గంజాం జిల్లాలో ఋషికుల్య ఒడ్డున కొండ మీద తారాతారిణి అమ్మవారు ఉన్నారు. ఆ పుణ్యమా అని తెలుగు ఇళ్లలో కూడా ఆ పేరు పెట్టుకుంటారు. ఇంగ్లీష్‌లో టి, ఎ, ఆర్, ఐ, ఎన్, ఐ అని రాసి అర్థం అడిగితే కాగితం మీద కనీసం మూడు మాటలు రాసుకోవాలి:

- తారిణి: దాటించేది, గట్టెక్కించేది.
- తరణి: సూర్యుడు. పడవ అనే అర్థం కూడా ఉంది.
- తరుణి: యౌవనంలో ఉన్న స్త్రీ.

మూడూ మంచి మాటలే, కానీ మూడూ వేరు. ఇంగ్లీష్ రాతలో ఒకటి రెండు అక్షరాలు అటూ ఇటూ అయితే ఒకదాని అర్థం తెచ్చి ఇంకొకదానికి అంటిస్తారు. "తారిణి అంటే సూర్యుడు" అని ఎవరైనా చెబితే ఆ పొరపాటు ఇలాగే జరిగిందని గుర్తుపట్టండి.

తెలుగులో రాసేటప్పుడు ఈ చోట్ల ఆగి చూడండి.

హ్రస్వమా, దీర్ఘమా? సుర అంటే దేవత. సురా అంటే మద్యం. ఆడపిల్ల పేరు చివర దీర్ఘం పెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఇలాంటి చోట జాగ్రత్తపడాలి.

శ, ష, స లలో ఏది? పాత చాటువు ఒకటుంది. అందులో ఒక తండ్రి కొడుకుతో, "ఎక్కువ చదవకపోయినా కాస్త వ్యాకరణం నేర్చుకో నాయనా, స్వజనం శ్వజనం కాకుండా ఉంటుంది" అంటాడు. స్వజనం అంటే మనవాళ్లు. శ్వజనం అంటే కుక్కలు. సకలం అంటే అంతా, శకలం అంటే ముక్క. ఒక్క అక్షరంతో అంత తేడా వస్తుంది.

తెలుగువాళ్లం అందరం చేసే పొరపాటు ఒకటి ఇక్కడే ఉంది. రమేష్, సురేష్, మహేష్ అని ష తో రాస్తాం. వీటి చివర ఉన్నది ఈశ, అంటే ప్రభువు. కాబట్టి సరైన అక్షరం శ: రమేశ్, సురేశ్, మహేశ్. ష పెట్టి నిఘంటువులో వెతికితే ఏమీ దొరకదు. దొరకలేదు కదా అని ఆ పేరుకు అర్థమే లేదనుకోవద్దు.

త, థ ల గొడవ ఇంకొకటి. మనం త అక్షరాన్ని ఇంగ్లీష్‌లో టి పక్కన హెచ్ పెట్టి రాస్తాం. ఒడియావాళ్లు అదే చూస్తే థ అని చదువుతారు. లత కాస్తా లథ అవుతుంది, స్వాతి కాస్తా స్వాథి అవుతుంది. సర్టిఫికెట్ రాసేటప్పుడు ఇది మళ్లీ మన ముందుకొస్తుంది.

ళ ఉంటే ల పెట్టి వెతకండి. కళ, నళిని, మురళి, మంగళ అని మనం అంటాం, ఒడియాలోనూ ళ ఉంది. సంస్కృత నిఘంటువులో మాత్రం ఇవి కలా, నలినీ, మురలీ, మంగల అనే ఉంటాయి.

2. ఒడియా నోటి నుంచి వచ్చిన పేరైతే వెనక్కి తిప్పండి

సరిహద్దు వాళ్లకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేని మెట్టు ఇది. మనకు మాత్రం చాలా ముఖ్యం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లాయి. ఆ తర్వాత తరాల పేర్లు ఒడియా బడి రిజిస్టర్లలోకి ఎక్కాయి. తాత కాగితంలో ఒకలా, మనవడి కాగితంలో ఒకలా ఉండటం మన ఇళ్లలో మామూలే.

ఒడియా పలుకుబడిలో ఈ మార్పులు వస్తాయి:

- వ ఎక్కువగా బ అవుతుంది. విక్రమ బిక్రమ, వాసంతి బాసంతి, విద్య బిద్య. మన వంశధార నది అక్కడ బంశధార.
- మాట మొదట్లో య ను జ అని పలుకుతారు. యోగేశ జోగేశ, యామిని జామిని, యశోద జశోద.
- క్ష ను ఖ్య లాగా అంటారు. అక్షయను అఖయ అని రాసిన కాగితాలు కనిపిస్తాయి.
- జ్ఞ ను గ్య అంటారు. మనం గ్న అంటాం. ప్రజ్ఞ ఒక్కటే మాట, కానీ ఇంగ్లీష్‌లో మూడు రకాలుగా కనిపిస్తుంది.
- ఋ ను రు అంటారు. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు ఇంగ్లీష్‌లో క్రుష్ణ అని ఉండటానికి కారణం అదే.
- శ, ష, స మూడూ నోట్లో స గానే వినిపిస్తాయి.

వెనక్కి తిప్పేటప్పుడు గుడ్డిగా తిప్పొద్దు. ప్రతి బ వెనకా వ ఉండదు. బలరామ, బిందు, బుద్ధ అసలు బ తోనే ఉన్నాయి. ప్రతి జ వెనకా య ఉండదు. జగన్నాథ, జయంతి జ తోనే పుట్టిన మాటలు.

ఇక్కడ ఒడియా లిపి మీకు సాయం చేస్తుంది. నోట్లో కలిసిపోయిన అక్షరాలు కొన్ని రాతలో విడిగానే ఉంటాయి. ఒడియా చదివేవారిని ఇలా అడగండి: "ఈ పేరులో ఉన్నది బర్గ్య జ నా, అంతస్థ జ నా?" అంతస్థ జ అంటే అసలు అది మన య. అలాగే "తాలబ్య శ నా, మూర్ధన్య ష నా, దంత్య స నా?" అని అడగండి. బడిలో అక్షరాలు దిద్దిన ఎవరైనా వెంటనే చెబుతారు. బ, వ ల విషయంలో మాత్రం ఒడియా రాత తేల్చదు, సాధారణంగా రెండింటికీ ఒకటే అక్షరం రాస్తారు. అక్కడ నిఘంటువే దిక్కు.

3. పేరును విడగొట్టండి

చాలా సంస్కృత పేర్లు రెండు మాటల కలయిక, లేదా ఒక ధాతువుకు ముందూ వెనకా ఏదో చేరిన రూపం. బడిలో చదువుకున్న సంధులు ఇక్కడ పనికొస్తాయి.

రమేశ = రమా + ఈశ. గుణసంధి. రమ అంటే లక్ష్మి, ఆమె భర్త విష్ణువు. రామ + ఈశ అని విడగొడితే రామేశ అవుతుంది, రమేశ కాదు.

హిమాంశు = హిమ + అంశు. చల్లని కిరణాలు గలవాడు, చంద్రుడు. అంశు అంటే కిరణం, అంశ అంటే భాగం. ఈ రెండింటినీ కలిపేయడం ఈ మధ్య బాగా ఎక్కువైంది. చివర ఉ తీసేసి దివ్యాంశ్ అని పెట్టి "దివ్యమైన కిరణం" అని అర్థం చెబుతున్నారు. దివ్యాంశు అయితే ఆ అర్థం సరిపోతుంది. దివ్యాంశ్ అంటే దివ్యమైన భాగం. ఉ పోయింది కాబట్టి కిరణం కూడా పోయింది.

తారిణి ఒకే ధాతువు నుంచి వచ్చింది. తౄ అంటే దాటడం. దాన్నుంచి తారయతి, అంటే దాటిస్తాడు లేదా దాటిస్తుంది. దాటించేది తారిణి. ఏరు దాటించేది, కష్టం దాటించేది, భక్తుల మాటలో చెప్పాలంటే సంసార సాగరం దాటించేది.

బహువ్రీహి సమాసం, అంటే రెండు మాటలు కలిసి వేరే ఒకరిని సూచించే సమాసం ఉంటే అక్షరార్థం దగ్గర ఆగిపోకండి. ఒడిశా అంతటా ఉన్న పీతాంబర పేరునే తీసుకోండి. పీత అంటే పసుపుపచ్చ, అంబరం అంటే వస్త్రం. అంతమాత్రాన ఆ పేరుకు "పచ్చ బట్ట" అని అర్థం రాయకూడదు. పచ్చని వస్త్రం కట్టినవాడు, అంటే విష్ణువు. చక్రపాణి, నీలకంఠ కూడా ఇలాంటివే.

ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థం చెప్పి కలిపే పద్ధతిని నమ్మకండి. ర అంటే అగ్ని, మ అంటే చంద్రుడు అంటూ పేర్చుకుంటూ పోతే ఏ పేరుకైనా ఏ అర్థమైనా తెప్పించవచ్చు.

4. నిఘంటువులో చూడండి

ఇక్కడ ఎక్కువమంది చేతులెత్తేస్తారు. కారణం, పేరును ఉన్నది ఉన్నట్టుగా వెతకడం. నిఘంటువులో మాట మూలరూపంలో ఉంటుంది.

తెలుగు నిఘంటువులో చివర ము, డు, వు చేర్చి చూడండి. అన్విత కోసం అన్వితము, ఈశాన్ కోసం ఈశానుడు అని వెతకాలి. సంస్కృత నిఘంటువులో పొల్లు తీసేసి అకారాంతంగా చూడాలి: ఈశాన, రమేశ. చివర ఇ కారం ఉన్న మగపిల్లల పేర్లు కొన్ని అక్కడ న కారంతో ముగుస్తాయి. ధన్వి అంటే విల్లు పట్టినవాడు, నిఘంటువులో ధన్విన్ అని ఉంటుంది. యశస్వి యశస్విన్ అవుతుంది. యశ్ కోసం యశస్ చూడాలి.

మొత్తం మాట దొరక్కపోతే మూడో మెట్టులో విడగొట్టిన ముక్కలను విడివిడిగా వెతకండి. రెండు ముక్కలూ దొరికి, సంధి సరిపోతే పేరు నిలబడినట్టే. అన్ని సమాసాలనూ ఏ నిఘంటువూ ఇవ్వలేదు.

మోనియర్ విలియమ్స్ చూసేటప్పుడు అర్థం పక్కన ఇంగ్లీష్ ఎల్ అక్షరం, చుక్క ఉన్నాయేమో గమనించండి. అది ఉంటే ఆ అర్థం పాత కోశాల్లో మాత్రమే ఉంది, ఆ నిఘంటువు కూర్చేనాటికి గ్రంథాల వాడుకలో కనబడలేదు అని లెక్క. అలాంటి అర్థం తప్పేమీ కాదు. కానీ పక్కనే గ్రంథాల పేర్లతో వేరే అర్థం ఇచ్చి ఉంటే దానికే ఎక్కువ బరువు ఇవ్వండి.

5. వాడుకలో ఉందో లేదో చూడండి

నిఘంటువులో మాట ఉండటం వేరు, అది పేరుగా నిలబడటం వేరు. సహస్రనామాలు దీనికి మంచి తోడు. విష్ణు సహస్రనామంలో "అశోకస్తారణస్తారః" అని వస్తుంది. తారణ అన్నా, మనం చూసిన తారిణి అన్నా ధాతువు ఒకటే. దాటించేవాడు తారణుడు. "ఈశానః ప్రాణదః ప్రాణో" అని ఈశాన నామం కూడా అందులోనే ఉంది. ఇలా దొరికితే మీ పేరుకు గట్టి ఆధారం దొరికినట్టు.

నామావళి నుంచి పేరు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. అక్కడ ప్రతి నామం "నమః" ముందు చతుర్థీ విభక్తిలో ఉంటుంది. ఆ తోకతో సహా పేరు పెట్టకూడదు. ఈశానాయ అంటే ఈశాన. హరయే అంటే హరి. విష్ణవే అంటే విష్ణు. లలితాయై అంటే లలిత. భవాన్యై అంటే భవాని. శూలినే అంటే శూలి. కొత్తగా, అందంగా వినిపిస్తోందని "హరయే" లాంటి రూపాన్నే పేరుగా రాసేసుకుంటే దానికి అర్థం "హరికి" అని.

6. అసలు సంస్కృతమేనా అని అడగండి

నాలుగు, ఐదు మెట్లలో ఏమీ దొరకకపోతే పేరు బహుశా సంస్కృతం కాదు. కియారా లాంటివి ఈ దారిలో వెతికితే దొరకవు. వెన్నెల, మల్లిక రెండూ మన ఇళ్లలో ఉన్నవే. మల్లిక సంస్కృతం, వెన్నెల తెలుగు. తెలుగు పేరైతే తక్కువేమీ కాదు, దానికి సంస్కృత మూలం అంటగట్టాల్సిన పనీ లేదు. వేరే భాష పేరు నచ్చితే నిరభ్యంతరంగా పెట్టుకోండి. "ఇది సంస్కృతం, వేదాల్లో ఉంది" అని బంధువులకు చెప్పకుండా ఉంటే చాలు.

7. పక్కింటి చెవితో వినండి

మీ పాప తెలుగు ఇంట్లో పుట్టినా ఒడియా పిల్లల మధ్య ఆడుకుంటుంది. పేరు ఖాయం చేసే ముందు ఒడియా మాట్లాడేవారికి ఒకసారి వినిపించి, వాళ్లకు ఏం తోస్తుందో అడగండి. కళ మనకు ముచ్చటైన పేరు. ఒడియాలో కళా అంటే కళ అనీ ఉంది, నలుపు అనీ ఉంది. కళావతి, శశికళ అని పెడితే ఈ ఇబ్బంది రాదు. తిరగేసి కూడా చూడండి. ఒడియా స్నేహితులు సూచించిన పేరు తెలుగు అమ్మమ్మ నోట ఎలా పలుకుతుందో వినండి.

జన్మనక్షత్రం అక్షరం పాటించేవాళ్లకు ఇంకో చిన్న చిక్కు. రోహిణి పాదాలకు ఓ, వా, వీ, వూ అక్షరాలు చెబుతారు. వీణ అని పెట్టి, ఒడియా కాగితంలో బీణా అని చూసి కంగారు పడతారు. ఇంట్లో పిలిచే పేరు, పూజలో చెప్పే పేరు వీణే కదా. రాత మారినంత మాత్రాన మాట మారలేదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఆరవ్. కొన్నేళ్లుగా బాగా వాడుకలో ఉన్న పేరు. సైట్లలో "ప్రశాంతమైన" అని ఉంటుంది. సంస్కృతంలో ఆరవ అంటే ధ్వని, కేక, చప్పుడు. పక్షుల కలరవం అంటాం కదా, ఆ రవమే ఇది. హ్రస్వంతో అరవ అయితే చప్పుడు లేనిది. ఇంగ్లీష్ రాతలో ఈ రెండూ కలిసిపోయి, ఒకదాని అర్థం పూర్తిగా తలకిందులై రెండోదానికి అంటుకుంటోంది. పైగా తెలుగులో ఆరవ అంటే ఆరోది, అరవం అంటే తమిళం. ఆ ధ్వని మీకు బాగా నచ్చితే ఆర్జవ్ చూడండి. ఆర్జవం అంటే ఋజువర్తన, కల్లాకపటం లేకపోవడం. భగవద్గీతలో మంచి గుణాల వరుసలో వచ్చే మాట. పిల్లవాడికి చెప్పుకోదగ్గ అర్థం.

రేయాంశ్. "సూర్యకిరణం" అనీ, "విష్ణువు అంశ" అనీ రెండు రకాలుగా చెబుతుంటారు. చివరి అంశ సరే. ముందున్న రేయ అనే మాట ఆ అర్థంలో సంస్కృత నిఘంటువుల్లో లేదు. తెలుగు చెవికేమో రేయి వినిపిస్తుంది. పేరు మార్చడం ఇష్టమైతే శ్రేయస్ ఉంది, మేలు అని అర్థం.

అన్విత. దీనికి రకరకాల భావాలు అల్లుతున్నారు. అసలు అర్థం: కూడుకున్నది, కలిగి ఉన్నది. గుణాన్విత అంటే మంచి గుణాలు కలది. విడిగా అన్విత అన్నా తప్పు లేదు, గుణాన్విత అంటే అర్థం నిండుగా ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు సైట్లను లెక్కపెట్టడం. "పది చోట్ల ఇదే అర్థం ఉంది" అంటారు. ఒకచోట రాసింది మిగతా చోట్ల ఎత్తి రాసుకుంటే అది పది సాక్ష్యాలు కాదు, ఒకటే. ఏ ధాతువు, ఏ గ్రంథం అన్నది చెప్పని అర్థం ఎన్ని చోట్ల కనిపించినా మీ కాగితంలోకి ఎక్కించకండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునే తీరు

ముందుగా ఈ నాలుగు ఒక వాక్యంలో రాయగలరేమో చూడండి: పేరు, విడగొట్టిన రూపం, అర్థం, ఎక్కడ చూశారు. "తారిణి, తౄ ధాతువు, దాటించేది, ఫలానా నిఘంటువు" అన్నట్టు. ఏదైనా గడి ఖాళీగా మిగిలితే పని పూర్తి కాలేదు.

తర్వాత పేరును తెలుగులో రాసి, అర్థం చెప్పకుండా, సంస్కృతం తెలిసిన ఒకరికి చూపించండి. బడి పంతులుగారైనా, గుడి పూజారిగారైనా సరే. వాళ్లంతట వాళ్లే మీరు రాసుకున్న అర్థానికి దగ్గరగా వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. "ఇలా అర్థం కదండీ?" అని మీరే ముందు అడిగేస్తే మొహమాటానికి అవునంటారు, ఆ పరీక్ష లెక్కలోకి రాదు.

మూడోది మన ప్రాంతానికి తప్పనిసరి. పేరు పలికి ఒడియా వారిచేత ఒడియాలో రాయించండి. ఆ కాగితాన్ని ఇంకొకరికి ఇచ్చి చదివించండి. వినిపించింది తెలుగులో రాసి, మీ మొదటి కాగితంతో పోల్చండి. వ, బ తేడా వస్తే ఫరవాలేదు. దీర్ఘం మారినా, కొత్తగా ఒత్తు వచ్చినా సరిచేయాలి.

సర్టిఫికెట్‌లోకి ఎక్కించేటప్పుడు

జననం 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. అప్పటికి పేరు తేలకపోతే కంగారు వద్దు. పేరు లేకుండానే నమోదు చేయించి, ఆ తర్వాత 12 నెలల్లోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆపైన 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో వీలుంటుంది. బారసాల 11వ రోజో, 21వ రోజో అయినా, ఒడియా పద్ధతిలో ఏకోయిశియా (21వ రోజు వేడుక) చేసుకున్నా, అర్థం తేల్చుకోవడానికి వ్యవధి ఉన్నట్టే. మరీ వాయిదా మాత్రం వేయకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం దగ్గర నుంచి చాలా పనులకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే అడుగుతారు.

కౌంటర్ దగ్గర నోటితో చెప్పి రాయించకండి. ఒడియాలోనూ ఇంగ్లీష్‌లోనూ పెద్ద అక్షరాలతో ముందే రాసుకెళ్లి ఇవ్వండి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇంగ్లీష్ వి అక్షరాన్ని ఒడియాలో తరచు భ తో రాస్తారు. టీవీ అక్కడ టిభి. మీరు ఇంగ్లీష్‌లో వరుణ్ అని రాసిస్తే, చూసి రాసే మనిషి భరుణ్ అని రాయొచ్చు. వరుణ, బరుణ రెండూ ఒకటే మాట, జలాధిదేవత. భరుణ్ అంటే ఏ అర్థమూ లేదు. కాబట్టి ఒడియా రూపం మీరే ఇవ్వండి, ఒత్తు లేని బ తో. ఇంగ్లీష్‌లో త కోసం హెచ్ పెట్టాలా వద్దా అన్నది ఇంట్లోనే నిర్ణయించుకుని, ఆధార్‌లోనూ బడిలోనూ అదే స్పెల్లింగ్ రాయించండి. ప్రింట్ చేతికి ఇచ్చినప్పుడు అక్కడే నిలబడి ఒక్కో అక్షరం చదవండి.

పెద్ద పిల్లల కాగితాల్లో ఇప్పటికే బిక్రమ్, జోగేశ్, అఖయ అని ఉంటే వాటి కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని లేదు. అన్ని కాగితాల్లోనూ అదే రూపం ఉంటే అలాగే ఉంచండి. పిల్లవాడు అర్థం అడిగినప్పుడు విక్రమ అంటే పరాక్రమం అని చెప్పి, తెలుగులో వ తో ఎలా రాస్తారో ఒకసారి చేయిపట్టి రాయించండి.